పల్లెటూళ్ళో డెంటల్ హైజీనిస్ట్‌గా పనిచేయడం ఎలా?

కోర్సు పూర్తయి సర్టిఫికెట్ చేతికి రాగానే మనలో ఎక్కువమంది పట్నంలో క్లినిక్కే చూసుకుంటారు. అది తప్పని అనను. కానీ పల్లెకు వెళ్ళాలని మనసులో ఉన్నవాళ్ళకు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు దొరకరు. నేను శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు ఊళ్ళలో, ఒక దంతవైద్యుడి దగ్గర ఉంటూ ఈ పని చేస్తున్నాను. నాకు తెలిసింది వరసగా చెబుతాను. పది ఊళ్ళకు ఒక్కొక్కసారి వెళ్ళడం కంటే ఒక్క ఊరికి పదిసార్లు వెళ్ళడం మేలని ఈ పనిలో నేర్చుకున్నాను. కింద రాసిందంతా ఆ లెక్క ప్రకారమే.

1. ముందు కాగితాలు, ఆ తర్వాత హద్దులు

డెంటల్ హైజీనిస్ట్ ఎవరో 1948 నాటి దంతవైద్యుల చట్టమే చెప్పింది. దంతవైద్యుడు కాకుండా పళ్ళ గార తీసేవారు, శుభ్రం చేసి మెరుగుపెట్టేవారు, నోటి శుభ్రత గురించి నేర్పేవారు హైజీనిస్టులు. ఇంటర్‌లో సైన్స్ చదివాక రెండేళ్ళ డిప్లొమా, దాని తర్వాత రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదు. 2023లో పార్లమెంటు జాతీయ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. అందుకే రిజిస్ట్రేషన్, రెన్యువల్ నియమాలు మీ కౌన్సిల్ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. సీనియర్లు వాళ్ళ కాలంలో ఎలా చేశారో విని ఊరుకోకండి.

పన్ను పీకడం, సిమెంటు నింపడం, మత్తు ఇంజక్షన్ ఇవ్వడం, మందులు రాయడం మన పని కాదు. పల్లెలో ఈ గీత దాటకుండా ఉండటం పట్నంలో కంటే కష్టం. "ఎలాగూ వచ్చావు గదమ్మా, ఈ కదిలే పన్ను కూడా లాగేయ్" అని ముసలాయన చేతులు పట్టుకుని అడుగుతాడు. దగ్గర్లో డాక్టరు లేడు, పన్ను చూస్తే ఊడటానికి సిద్ధంగా ఉంది, జాలి కలుగుతుంది. అయినా ఒప్పుకోకండి. ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాడేమో, షుగరు మూడొందలు ఉందేమో మీకు తెలియదు. రాత్రికి రక్తం ఆగకపోతే ఆయన్ని ఆసుపత్రికి చేర్చే బండి ఆ ఊళ్ళో ఉంటుందో లేదో కూడా తెలియదు.

అందుకే ఒక దంతవైద్యుడి పర్యవేక్షణలోనే పని మొదలుపెట్టండి. సర్కారు నోటిఫికేషన్ కోసం కూర్చుంటే ఏళ్ళు గడుస్తాయి, ఈ పోస్టులు తక్కువ. మండల కేంద్రంలో క్లినిక్ ఉన్న డాక్టరును కలిసి, వారానికి రెండు రోజులు మీరు పల్లెలు తిరిగి కేసులు గుర్తించి పంపుతానని చెప్పండి. డెంటల్ కాలేజీల్లో పబ్లిక్ హెల్త్ విభాగం వాళ్ళు పల్లెల్లో క్యాంపులు పెడుతుంటారు, అక్కడా అడగండి. ఏ చికిత్సకు డాక్టరు పక్కన ఉండాలి, దేనికి ఫోన్లో అడిగితే చాలు, ఏది మీరొక్కరే చేయవచ్చు అన్నది కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

ఊళ్ళోకి అడుగుపెట్టే ముందే హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేయించుకోండి. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది.

2. ఊరిని ఎంచుకోండి, ఊరి క్యాలెండర్ తెలుసుకోండి

మూడు ఊళ్ళు చాలు. బస్సు లేదా ఆటో దొరికేవి, మీ డాక్టరు క్లినిక్కు గంట ప్రయాణంలో ఉండేవి ఎంచుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు కిట్ తీసుకెళ్ళకండి, ఊరికే వెళ్ళండి. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను, అంగన్‌వాడీ టీచరును, బడి హెడ్మాస్టరును, సర్పంచును కలవండి. ఆశాతో ముందు కూర్చోండి. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరు నెల తప్పారో, ఏ తాత మూడు నెలలుగా గంజే తాగుతున్నాడో ఆమెకు తెలుసు. ముప్పై దాటినవాళ్ళ ఆరోగ్యం గురించి ఆమె నింపే ఫారంలో నోరు తెరవడం కష్టంగా ఉందా, రెండు వారాలకు పైగా మానని పుండు ఉందా అనే ప్రశ్నలు ముందే ఉన్నాయి. వాటికి "అవును" అన్నవాళ్ళను మొదటి రోజే చూడండి. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా ఉన్నచోట బీపీ, షుగరు పరీక్షలు అక్కడే అవుతాయి కాబట్టి మీ కుర్చీ కూడా అక్కడే వేసుకోవడం మంచిది.

పంటలు, వేటలు తెలియకుండా తేదీ పెట్టకండి. జూలై, ఆగస్టుల్లో నాట్లు పడుతుంటే పదింటికి ఊళ్ళో ఆడవాళ్ళు ఉండరు. పత్తి ఊళ్ళలో దసరా దాటాక ఏరుడు మొదలవుతుంది, మిర్చి ఊళ్ళలో ఎండాకాలం ముందు కోతలు. ఉపాధి హామీ పని నడిచే రోజుల్లో పొద్దున్నే వెళ్ళిపోయి మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. మా మత్స్యకార ఊళ్ళకు ఇంకో లెక్క ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. గుజరాత్ వెళ్ళిన కుర్రాళ్ళు చాలామంది వేసవికే తిరిగొస్తారు. మగవాళ్ళ నోళ్ళు చూడాలంటే ఆ రెండు నెలలే మాకు దొరికే సమయం. ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళను మేం పట్టుకోగలిగేది కూడా అప్పుడే.

3. సంచిలో ఏమేం ఉండాలి

నోటి అద్దం, ప్రోబ్, ట్వీజర్ ఒక సెట్టు అనుకుంటే, రోజుకు ఎంతమందిని చూడాలనుకుంటారో అన్ని సెట్లు ముందురోజే ఆటోక్లేవ్ చేసి పౌచుల్లో పెట్టుకోండి. ఊళ్ళో కూర్చుని మధ్యలో పరికరాలు కడిగి మళ్ళీ వాడే పని పెట్టుకోవద్దు. ఇరవై సెట్లుంటే ఇరవై మందినే చూడండి. ఇరవై ఒకటో మనిషి ఎంత దూరం నుంచి వచ్చినా చేతులు జోడించి మరుసటి వారం తేదీ చెప్పండి.

నీళ్ళలో మరిగిస్తే చాలదా అని అడుగుతారు, పాత కాంపౌండర్లు అలాగే చేసేవారు కూడా. మరిగే నీళ్ళకు చావని సూక్ష్మజీవుల బీజాలుంటాయి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి, పౌచుల్లో పెట్టినవైతే 30 నిమిషాలు, ఆ తర్వాత ఆరబెట్టుకునే సమయం వేరే. కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే మొదటి నుంచీ మళ్ళీ పెట్టాలి. గ్యాస్ పొయ్యి మీద పెట్టుకునే కుక్కరు తరహా ఆటోక్లేవ్ ఒకటి క్లినిక్కులో ఉంటే కరెంటు కోతల రోజుల్లో పని ఆగదు.

గార తీయడానికి కరెంటుతో నడిచే స్కేలర్ బాగుంటుంది గానీ దానికి కరెంటు కావాలి, శుభ్రమైన నీళ్ళు కావాలి, నోట్లోంచి లేచే తుంపరను లాగే సక్షన్ కావాలి. ఈ మూడూ లేని చోట చేతి స్కేలర్లే నమ్మకం. వాటిని రాయి మీద పదును పెట్టుకోవడం నేర్చుకోండి. మొద్దుబారిన స్కేలరు గారను తీయదు, పైపైన నునుపు చేసి వదిలేస్తుంది. అప్పుడు చూడటానికి శుభ్రంగానే కనిపిస్తుంది, చిగురు కింద రోగం అలాగే ఉంటుంది.

తలకు కట్టుకునే లైటు, దానికి అదనపు బ్యాటరీలు, గ్లౌజులు, మాస్కులు, కళ్ళద్దాలు, బీపీ మెషిను, దూది, చేతి అద్దం, ప్లాస్టిక్ పళ్ళ నమూనా, పెద్ద బ్రష్షు, ఉమ్మడానికి మూతున్న బకెట్టు. వ్యర్థాలకు పసుపు, ఎరుపు సంచులు, సూదిమొన లాంటివాటికి గట్టి తెల్ల డబ్బా. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, వాడిన గ్లౌజులు ఎరుపులోకి. వీటిని ఊళ్ళో కాల్చడం, పెంటకుప్పలో వేయడం చేయకూడదు. వెంట తెచ్చుకుని క్లినిక్కు వచ్చే బయోమెడికల్ బండికే ఇవ్వాలి.

పడుకోబెట్టడానికి బడి బల్లలు రెండు కలిపి, మడత పెట్టిన దుప్పటి తలకింద పెట్టండి. మీరు తల వైపు స్టూలు మీద కూర్చోండి. నిలబడి వంగి రోజంతా పనిచేస్తే నాలుగేళ్ళలో నడుము పోతుంది.

4. నోరు తెరవమనే ముందు అడగాల్సినవి

ఇది తొందరలో దాటేసే అడుగు, దాటకూడని అడుగు. పొద్దున్న ఏమైనా తిన్నారా? షుగరుందా, ఇన్సులిన్ వేసుకున్నారా? బీపీ మాత్ర ఇవాళ వేసుకున్నారా? గుండెకు స్టెంటు గానీ వాల్వు ఆపరేషను గానీ అయిందా? రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? రెండు వారాలుగా దగ్గుందా? ఆడవాళ్ళయితే, నెల తప్పారా? చాలామంది మందు పేరు చెప్పలేరు. "మాత్రల సంచి తెచ్చుకో అప్పా, ఒకసారి చూస్తాను" అంటే తెస్తారు.

బీపీ పై అంకె 180, లేదా కింది అంకె 110 దాటితే ఆరోజు స్కేలింగ్ వద్దు, పీహెచ్‌సీకి పంపండి. గుండె వాల్వు కేసులకు ముందుగా యాంటీబయాటిక్ అవసరం కావచ్చు, అది డాక్టరు తేల్చాలి. రక్తం పలచబడే మాత్రలు మానేయమని మీరు ఎప్పుడూ చెప్పకండి. షుగరు ఉన్నవాళ్ళను పొద్దున్న టిఫిను, మందు అయ్యాకే కూర్చోబెట్టండి. దగ్గు రెండు వారాలు దాటితే ముందు టీబీ పరీక్ష.

గర్భిణులకు చిగుళ్ళు ఉబ్బి రక్తం కారడం ఎక్కువ, హార్మోన్ల మార్పుకు పాచి తోడవడం వల్ల. "కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ జోలికి పోకూడదు" అని అత్తగారు అడ్డుపడుతుంది. ఆమెతోనే మాట్లాడండి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా శుభ్రం చేయించుకోవడానికి అనువైన కాలమని, పిల్లకు ఏ మత్తూ మందూ ఇవ్వడం లేదని చెప్పండి. కోడలు కూర్చుంటే పక్కన అత్తగారినీ కూర్చోబెట్టి, చేసేదంతా చూడనివ్వండి.

5. పళ్ళ కంటే ముందు అంగిలి చూడండి

వచ్చిన మనిషి నొప్పి పన్నే చూపిస్తారు. మీరు మాత్రం ప్రతిసారీ ఒకే వరస పాటించండి. పెదాల లోపలి వైపు, రెండు బుగ్గల లోపల, నాలుక పైన, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి, గొంతు మొదలు, చివరికి చిగుళ్ళూ పళ్ళూ. రెండు నిమిషాల పని.

మా ప్రాంతంలో అంగిలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరపు ఊళ్ళలో పెద్ద వయసు ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ తాగుతారు. మండే కొస నోటి లోపలకు, ఆరిన కొస బయటకు. గాలికి ఆరదు, నుసి పని మీద పడదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. తల్లుల నుంచి కూతుళ్ళకు వచ్చిన అలవాటు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతాచోట్ల అరుదుగా వచ్చే గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడి ఆడవాళ్ళలో కనబడటానికి కారణం ఇదే. అర్ధ శతాబ్దం కిందటే పరిశోధకులు దీన్ని నమోదు చేశారు.

అడ్డపొగ తాగే అంగిలి తెల్లగా పాలిపోయి, బొడిపెల్లా లేచి, వాటి మధ్య ఎర్రటి చుక్కలతో ఉంటుంది. అలాంటిది కనిపించినప్పుడు దూదితో తుడిచి చూడండి. తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, వేలితో నొక్కితే గట్టిగా తగిలే అంచు, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గడ్డ. వీటిలో ఏ ఒక్కటున్నా ఆరోజు గార తీసే పని పక్కనపెట్టి ఆ మనిషిని డాక్టరు దగ్గరికి పంపే పని చూడండి. క్యాన్సర్ అనే మాట మీ నోటి నుంచి రానివ్వకండి, అది చెప్పాల్సింది ముక్క పరీక్ష (బయాప్సీ). అలాగని "ఏం లేదులే అమ్మా" అని కూడా అనకండి. "ఇది మామూలు పుండులా లేదు, డాక్టరు గారు చూడాలి, నేనే అపాయింటుమెంటు పెట్టిస్తాను" అనండి.

గుట్కా, వక్క నమిలే కుర్రాళ్ళలో ఇంకోటి వెతకాలి. నోరు తెరిచి నిలువుగా మూడు వేళ్ళు పెట్టుకోమనండి. మూడు పట్టకపోతే బుగ్గల లోపల నారలా బిగుసుకుపోవడం మొదలై ఉండొచ్చు. దానికంటే ముందు వచ్చే గుర్తు కారం ఓర్చుకోలేకపోవడం. ఆవకాయ తినే ఇంట్లో పుట్టిన పాతికేళ్ళ కుర్రాడు "పచ్చడి తగిలితే మండిపోతోందక్కా" అంటే వెంటనే చెవిన పెట్టండి. ఆ బిగుతు పూర్తిగా వెనక్కి పోదు, కానీ వక్క మానేస్తే ముదరకుండా ఆపవచ్చు. మానాలనుకున్నవాళ్ళకు 1800-11-2356 ఉచిత నంబరు రాసివ్వండి. వీలైతే అక్కడే కూర్చోబెట్టి మీ ఎదురుగానే ఫోను చేయించండి. చీటీ ఇచ్చి పంపితే చొక్కాతో పాటు ఉతుక్కుపోతుంది.

నల్గొండ, ప్రకాశం వైపు పనిచేసేవాళ్ళకు కనిపించేది వేరు. పళ్ళ మీద సుద్దలాంటి తెల్ల చారలు, గోధుమరంగు మరకలు, కుడి ఎడమలకు ఒకేలా ఉంటే అది ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. పళ్ళు దవడలో తయారయ్యే మొదటి ఎనిమిదేళ్ళలో తాగిన నీటి వల్ల పడే మరక అది. స్కేలింగుతో పోదు. పెళ్ళి కుదిరిన పిల్ల ఆశగా అడుగుతుంది, "పోతుందా అక్కా?" అని. పోతుందని మాట ఇవ్వకండి, గట్టిగా గీకకండి. పైపూత చికిత్సలు డాక్టరు చేయగలరని చెప్పి పంపండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం బోరు నీళ్ళు మాన్పించి సరఫరా నీళ్ళే తాగించమని గట్టిగా చెప్పాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్ళు తాగడానికి పనికిరావు.

6. గార తీయడం, దానికంటే ముందు గార గురించి చెప్పడం

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి ఏడాది ఒక ఊళ్ళో డెబ్భై ఏళ్ళ అమ్మమ్మకు కింది పళ్ళ లోపలంతా గడ్డకట్టిన గార ఒకే పూట తీసేశాను. పని శుభ్రంగా చేశాననే సంతోషంలో ఉన్నాను. రెండో రోజుకు ఆమె పళ్ళ మధ్య సందులు తెలిశాయి, చల్లనీళ్ళు జివ్వుమన్నాయి, గార పట్టుకుని ఉన్న పన్ను కాస్త కదిలింది. "ఆ పిల్ల నా పళ్ళు వదులు చేసేసింది" అని వీధంతా చెప్పింది. మళ్ళీ నెల వెళితే ఎవరూ రాలేదు. ఆమె తప్పేమీ లేదు. ముందే చెప్పాల్సింది నేను.

ఇప్పుడు ఎలా చెబుతానంటే: "బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది చూడు, గార కూడా అలాంటిదే. రోజూ పోని పాచి మీద ఉమ్మిలోని సున్నం చేరి రాయవుతుంది. ఆ రాయి చిగురును కిందికి నెడుతుంది, లోపల ఎముక కరుగుతుంది. సందు ఇప్పటికే ఉంది, దాన్ని గార నింపి కనబడనీయడం లేదు. తీసేశాక నీకు కనిపిస్తుంది. నాలుగైదు రోజులు చల్లదనం తగిలితే జివ్వుమంటుంది." చేతి అద్దంలో గార చూపించండి. ఉమ్మి ఊరే చోటు దగ్గరే గార ఎక్కువ పేరుకుంటుంది కాబట్టి కింది ముందుపళ్ళ లోపలి వైపు, పై దవడపళ్ళ బుగ్గ వైపు తప్పకుండా కనిపిస్తుంది. తీసిన పలుకు వాళ్ళ అరచేతిలో పెట్టండి. ఎన్ని మాటలు చెప్పినా రాని నమ్మకం ఆ పలుకుతో వస్తుంది.

మొదటి పూట కింది ముందుపళ్ళే తీయండి. మిగతావి తర్వాతి రాకకు. వేలు పక్క పన్ను మీద గట్టిగా ఆనించి, స్కేలరు అంచు పన్నుకు ఆనేట్టు పట్టి, చిగురు వైపు నుంచి పైకి లాగండి. చిగురులోకి తోయకండి. ఆనిక లేకుండా లాగితే చెయ్యి జారి పెదవో నాలుకో తెగుతుంది. పని అయ్యాక గోరువెచ్చని ఉప్పునీళ్ళు రోజుకు మూడుసార్లు పుక్కిలించమనండి. చిగురులోంచి చీము వస్తున్నా, పన్ను ఎక్కువగా ఊగుతున్నా ముట్టుకోకుండా డాక్టరుకు పంపండి.

"పై పన్ను ముట్టుకుంటే కంటిచూపు పోతుంది" అనే భయం ఇప్పటికీ ఉంది. వాదించకండి. పంటి నరం, కంటి నరం వేరువేరని చెప్పి, పై పన్ను తీయించుకున్నా చూపు చక్కగా ఉన్న మనిషి ఆ వీధిలోనే ఉంటారు, వాళ్ళ చేత చెప్పించండి.

7. తోముకోవడం నేర్పేటప్పుడు ఇంట్లో ఉన్నదానితోనే మొదలుపెట్టండి

బ్రష్షు, పేస్టు మంచివే. కానీ అరవై ఏళ్ళు పందుంపుల్ల నమిలిన తాతను పుల్ల పారేయమంటే మిమ్మల్ని పారేస్తాడు. వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి ఏదైనా సరే, చివర బాగా నమిలి కుంచెలా మెత్తబడ్డాకే వాడాలని, చిగురు నుంచి పంటి కొస వైపు తిప్పాలని, ముందుపళ్ళతో ఆగిపోకుండా వెనక దవడపళ్ళ దాకా, లోపలి వైపు కూడా పోనివ్వాలని చూపించండి. తర్వాతి రాకలో రాత్రిపూట బ్రష్షు కూడా వాడి చూడమనండి. రెండూ కలిసి నడుస్తాయి.

మానిపించాల్సినవి వేరే ఉన్నాయి. ఇటుక పొడి, కచ్చిక బూడిద, బొగ్గు, ఇసుక కలిసిన ఉప్పు. ఇవి పంటి పైపొరను అరగదీస్తాయి. చిగురు దగ్గర పన్ను గాడిపడి, చింతపండు తగిలితే జివ్వుమనే పళ్ళు చూసినప్పుడల్లా "దేంతో తోముకుంటావు పెద్దయ్యా?" అని అడగండి, జవాబు అదే వస్తుంది. ఒడిశా సరిహద్దు ఊళ్ళలో గుడాకు ఉంది. అది పళ్ళపేస్టు కాదు, పొగాకు ముద్ద. పంటినొప్పికి దాన్ని రుద్దుతుంటే నొప్పి తెలియకుండా అలవాటు మాత్రం ముదురుతుంది.

అద్దం ఎదురుగా వాళ్ళ చేతనే తోమించండి. మీరు నమూనా మీద చేసి చూపిస్తే తలూపుతారు, వాళ్ళు చేస్తుంటే ఎక్కడ వదిలేస్తున్నారో మీకూ వాళ్ళకూ తెలుస్తుంది.

8. పిల్లలు

అంగన్‌వాడీ పిల్లను చూడాలంటే కుర్చీ పనికిరాదు. మీరూ తల్లీ ఎదురెదురుగా మోకాళ్ళు తగిలేట్టు కూర్చుని, పిల్ల తల మీ ఒళ్ళో, కాళ్ళు తల్లి నడుముకు అటూ ఇటూ వచ్చేలా పడుకోబెట్టండి. పిల్లకు తల్లి ముఖం కనబడుతూ ఉంటుంది. ఏడ్చినా నోరు తెరిచే ఏడుస్తుంది.

పై ముందుపళ్ళ చిగురు దగ్గర తెల్లటి గీత, ఆ తర్వాత గోధుమరంగు గుంట. ఇది రాత్రంతా పంచదార పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం వల్ల వస్తుంది. "పాలపళ్ళే కదా, ఊడిపోతాయి" అంటారు. వాటిలో వెనక దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి, అవి పుచ్చిపోతే పిల్ల అన్నం నమలదు. మూడేళ్ళ లోపు పిల్లకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత పేస్టు చాలు. తోమేది తల్లే.

ఆరేళ్ళ పిల్లల తల్లులందరికీ ఒక సంగతి చూపించండి. పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడపన్ను ఒకటి వస్తుంది. అదీ పాలపన్నే అనుకుని పుచ్చిపోతున్నా పట్టించుకోరు. అది శాశ్వత పన్ను, పోతే మళ్ళీ రాదు. బడిలో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల్లో ముందు అదే చూడండి. పుచ్చిన పళ్ళున్న పిల్లల పేర్లు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి ఇవ్వండి. 2013లో మొదలైన ఆ పథకంలో పుచ్చుపళ్ళు కూడా చేరి ఉన్నాయి. ఫ్లోరైడ్ పూత లాంటివి డాక్టరు ఉన్న రోజున, ఆయన చెప్పిన పిల్లలకే.

9. పంపడం అంటే చీటీ రాయడం కాదు

"పెద్దాసుపత్రికి వెళ్ళండి" అన్నమాటకు పల్లెలో విలువ లేదు. ఏ రోజు, ఏ గది, ఏ బస్సు, ఎంత ఖర్చు, ఎవరు తోడు, ఏ కార్డు పట్టుకెళ్ళాలి, ఇవన్నీ చెబితేనే కదులుతారు. మీ జిల్లా ఆసుపత్రిలోనో ఏరియా ఆసుపత్రిలోనో దంతవైద్యుడు ఏ రోజుల్లో ఉంటారో ముందే వెళ్ళి కనుక్కోండి. పెద్ద కేసులకు ప్రభుత్వ డెంటల్ కాలేజీలు హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ఉన్నాయి. క్యాన్సర్ అనుమానం తేలితే మావాళ్ళు విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి, తెలంగాణ వాళ్ళు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళతారు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ చికిత్స వస్తుంది. కూలి పోతుందనే భయం ఉన్న ఇంట్లో ఆ ఒక్క మాట చాలా బరువు దించుతుంది.

ఆడవాళ్ళను పంపేటప్పుడు ఇంట్లో డబ్బు చేతిలో ఉన్న మనిషితో మాట్లాడకుండా రాకండి. మా ఊళ్ళలో అది చాలాసార్లు కొడుకు, కొన్నిసార్లు అల్లుడు.

10. పుస్తకం, మళ్ళీ రాక

పొడవాటి లెడ్జరు ఒకటి కొనండి. ఊరికి కొన్ని పేజీలు. పేరు, ఇంటిపేరు, వీధి, వయసు, అలవాట్లు, నోటిలో చూసింది, చేసింది, ఎక్కడికి పంపింది, మళ్ళీ ఎప్పుడు చూడాలి. ఆ పుస్తకం తాళం వేసిన పెట్టెలో ఉంచండి. ఎవరి నోట్లో ఏముందో పక్కింటికి తెలియకూడదు, ముఖ్యంగా పెళ్ళికావలసిన పిల్లల సంగతి.

నొప్పి ఉన్న చిగుళ్ళవాళ్ళను రెండు వారాలకు, షుగరు ఉన్నవాళ్ళను మూడు నెలలకు, మిగతావాళ్ళను ఆరు నెలలకు చూసేట్టు తేదీలు వేసుకోండి. అంగిలి మచ్చ ఉన్నవాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో రాయండి. రెండోసారి ఊళ్ళోకి వెళ్ళిన రోజు కుర్చీ వేయకముందే ఆశాను వెంటబెట్టుకుని ఆ ఎర్ర పేర్ల ఇళ్ళకు నడవండి. వెళ్ళారా, వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదు, ముక్క పరీక్ష కాగితం వచ్చిందా అని అడగండి. కొందరు దాక్కుంటారు, కొందరు చుట్ట ఆర్పి వెనక్కి పెట్టుకుంటారు. కోప్పడకుండా గుమ్మంలో కూర్చోండి, మంచినీళ్ళిస్తే తాగండి, "ఏదీ అప్పా, ఒకసారి నోరు తెరువు" అని లైటు వేసి చూసి, కొత్త తేదీ రాసుకుని రండి.